సుగ్గి నుంచి కువైట్‌ దాకా: కర్నూలు, కడప జిల్లాల్లో మనుషుల అక్రమ రవాణా, విద్యార్థులు చేయగల పని

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో సుగ్గి అంటే పంట కోతల కాలం. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, హొళగుంద వైపు ఇప్పుడు ఆ మాట వింటే ముందు గుర్తొచ్చేది వలసే. ‘సుగ్గికి పోయినారు’ అంటే ఇంటికి తాళం పడిందని, ముసలివాళ్లే మిగిలారని, పిల్లల పేర్లు బడి హాజరుపట్టీలో ఉన్నా పిల్లలు మాత్రం గుంటూరు మిరప చేలల్లో ఉన్నారని. ఉమ్మడి కడప జిల్లాలో రాయచోటి, రాజంపేట, రైల్వేకోడూరు వైపు ఇంత బరువున్న మాట ‘కువైట్‌’.

ఒక సంగతి మొదటే చెప్పాలి. సుగ్గి గానీ, కువైట్‌ గానీ దానంతటదే అక్రమ రవాణా కాదు. బతుకుదెరువు కోసం ఊరు దాటే హక్కు దళిత స్త్రీకి అందరితో సమానంగా ఉంది. ప్రతి ఏటా జూలై 30న, అంటే ఐక్యరాజ్యసమితి 2013లో మనుషుల అక్రమ రవాణా వ్యతిరేక దినంగా ప్రకటించిన రోజున, కాలేజీల్లో సభలు జరుగుతాయి. ర్యాలీ తీసి, ప్రతిజ్ఞ చేసి, ‘ఊరు విడిచి పోకండి’ అని చెప్పి వచ్చేస్తే పని అయిపోయినట్టు కాదు. ఎకరం భూమి లేని ఇంటికి, వానలు పడని ఏడాది, ఆ మాట ఎందుకు పనికొస్తుంది? ఎక్కడ వలస ముగిసి నేరం మొదలవుతుందో గుర్తుపట్టడమే విద్యార్థి నేర్చుకోవాల్సిన మొదటి పాఠం.

చట్టం ఆ గీతను స్పష్టంగానే గీసింది. రాజ్యాంగం 23వ అధికరణం మనుషుల వ్యాపారాన్ని, వెట్టిని నిషేధించింది. ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత, 2013లో భారత శిక్షాస్మృతి 370వ సెక్షన్‌ను తిరగరాశారు. 2024 జూలై 1 నుంచి అదే భారతీయ న్యాయ సంహితలో 143వ సెక్షన్‌ అయింది. బెదిరించి, మోసం చేసి, అపహరించి, అధికారం అడ్డుపెట్టి, డబ్బు ఆశ చూపి, దోపిడీ కోసం ఒక మనిషిని చేర్చుకున్నా, తరలించినా, దాచినా, అప్పగించినా, తీసుకున్నా అది నేరం. శిక్ష 7 నుంచి 10 ఏళ్లు. బాధితులు ఒకరి కంటే ఎక్కువైతే, లేదా పిల్లలైతే, కనీసం 10 ఏళ్ల నుంచి యావజ్జీవం దాకా. ఇందులో విద్యార్థులు కంఠతా పట్టాల్సిన వాక్యం ఒకటుంది: బాధితురాలి సమ్మతికి విలువ లేదు. స్టేషన్‌లో ‘అమ్మాయి ఇష్టపడే పోయిందంట కదా’ అన్నప్పుడు చూపించాల్సింది ఆ వాక్యమే.

ఈ రెండు ఉమ్మడి జిల్లాల్లో దోపిడీ ప్రధానంగా మూడు దారుల్లో నడుస్తుంది. మొదటిది అడ్వాన్సు. మేస్త్రీ పండక్కో, పెళ్లికో, ఆసుపత్రికో డబ్బు ఇస్తాడు. అది తీరేదాకా కుటుంబం అతను చెప్పిన చోట పని చేయాలి. నంద్యాల, కోయిలకుంట్ల ప్రాంతంలో సీడు పత్తి చేలల్లో క్రాసింగ్‌ పనికి ఆడపిల్లలను తీసుకెళ్లింది కూడా ఇలా తల్లిదండ్రులకు అడ్వాన్సు కట్టే. ఈ పిల్లల గురించి దావులూరి వెంకటేశ్వర్లు చేసిన అధ్యయనం 2003లో వెలువడి, బహుళజాతి విత్తన కంపెనీల దాకా చర్చను తీసుకెళ్లింది. అడ్వాన్సు చూపి మనిషిని కదలనివ్వకపోతే అది 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందికి వస్తుంది. కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చి చేయించుకునే పని కూడా 23వ అధికరణం దృష్టిలో బలవంతపు పనేనని సుప్రీంకోర్టు 1982లో ఏషియాడ్‌ కార్మికుల కేసులో చెప్పింది.

ఇక్కడొక విచిత్రం. కోసిగి నుంచి గుంటూరుకు పోయిన కూలీ ఎంత దూరం పోయినా రాష్ట్రం దాటలేదు కాబట్టి 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం అతనికి వర్తించలేదు. అదే కూలీ హైదరాబాద్‌ ఇళ్ల కట్టుబడికి పోతే 2014 జూన్‌ 2 నుంచి అంతర్రాష్ట్ర వలస కార్మికుడయ్యాడు. మనిషి మారలేదు, సరిహద్దు మారింది. ఆ చట్టం ఇప్పుడు కార్మిక కోడ్‌లలో కలిసిపోయింది.

రెండో దారి కడపది, గల్ఫ్‌ది. దీని గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడ రక్షణ కోసం పెట్టిన నిబంధనే మోసానికి సందు ఇస్తోంది. పదో తరగతి పాస్‌ కాని వాళ్లకు సాధారణంగా ఈసీఆర్‌ పాస్‌పోర్టు వస్తుంది. అంటే కువైట్‌, సౌదీ లాంటి దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఈ పాస్‌పోర్టుతో ఇంటిపనికి పోయే స్త్రీకి 30 ఏళ్లు నిండాలి. 2016 ఆగస్టు నుంచి అలాంటి స్త్రీలను ప్రైవేటు ఏజెంట్లు పంపడానికి వీల్లేదు, ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాలి. మన రాష్ట్రంలో ఆ సంస్థ ఓంక్యాప్‌. కాగితం మీద అంతా బాగుంది. ఊళ్లో ఏజెంటు చేసేది వేరు: వయసు పెంచి పత్రాలు చేయిస్తాడు, లేదా విజిట్‌ వీసా మీద విమానం ఎక్కిస్తాడు. విజిట్‌ వీసా మీద పోయిన మనిషికి ఇ-మైగ్రేట్‌లో నమోదు ఉండదు, ఒప్పందం ఉండదు, ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల బీమా ఉండదు. అక్కడ ఆమె పేరు ‘ఖద్దామా’. పాస్‌పోర్టు సేటు బీరువాలో. ఇల్లు దాటితే పారిపోయిందని కేసు.

కువైట్‌లో చట్టం లేక కాదు. 2015 నాటి 68వ నంబరు గృహ కార్మికుల చట్టం వారానికి ఒక సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని, పాస్‌పోర్టు లాక్కోకూడదన్న నిబంధన ఇచ్చింది. కనీస జీతం 60 దినార్లుగా నిర్ణయించారు. ఇవి తెలుగులో, పోయే ముందే, పోయే మనిషి చేతిలో ఉండాలి. మాకు తెలిసిన దళితవాడల్లో చాలామంది అక్కలకు ఈ నాలుగు సంగతులూ వెళ్లొచ్చిన తర్వాతే తెలిశాయి.

మూడో దారి గురించి రాయలసీమలో గట్టిగా మాట్లాడరు. కదిరి, రాయచోటి, గాలివీడు చుట్టుపక్కల కరువు ఊళ్ల నుంచి ఆడపిల్లలను పుణె, ముంబై, భివండి, ఢిల్లీ వ్యభిచార గృహాలకు చేర్చిన చరిత్ర దశాబ్దాలది. కదిరిలో రెడ్స్‌ లాంటి సంస్థలు పనిచేస్తున్నదీ, బయటపడి వచ్చిన స్త్రీలే విముక్తి అనే వేదికగా ఏర్పడిందీ ఈ నేపథ్యంలోనే. పడమటి కర్నూలులో దీనికి బసివిని ఆచారం తోడైంది. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉన్నాయి, ఆ ఆచారం కూడా ఆ ప్రాంతమంతా ఒకటే. ఆంధ్రప్రదేశ్‌ 1988లో దేవదాసీ నిషేధ చట్టం చేసింది. దేవతకు వదిలేసినట్టు చెప్పినా, వదిలింది ఊరి పెద్దల కోసమేనని దళితవాడలో తెలియని వాళ్లు లేరు.

ఇప్పుడు కులం దగ్గరికి వద్దాం. ఈ మూడు దారుల్లోనూ కులం ఉంది, కానీ ఎఫ్‌ఐఆర్‌లో కనిపించదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ (అమలు 2016 జనవరి 26 నుంచి) ప్రకారం దళితులతో వెట్టి చేయించడం 3(1)(హెచ్‌) కింద, దళిత స్త్రీని దేవదాసిగా మార్చడం 3(1)(కె) కింద నేరాలు. పదేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాన్ని, బాధితురాలు దళితురాలని తెలిసే చేస్తే 3(2)(వి) కింద యావజ్జీవం. అక్రమ రవాణా ఆ పరిధిలోకి వస్తుంది. ‘కులం నాకు తెలియదు’ అని నిందితుడు తప్పించుకోకుండా 8(సి) ఉంది: బాధితురాలితో గానీ, ఆమె కుటుంబంతో గానీ పరిచయం ఉంటే కులం తెలుసనే కోర్టు భావించాలి. ఊరి ఏజెంటుకు ఏ ఇల్లు ఏ కులమో తెలియదంటే నమ్మేదెవరు?

ఈ చట్టానికి రెండు హద్దులు ఉన్నాయి, దాచకూడదు. ఏజెంటు కూడా మన వాడవాడే అయితే ఈ చట్టం పెట్టలేం, 143వ సెక్షన్‌తోనే పోరాడాలి. బంధువే ఏజెంటు కావడం అరుదు కాదు. రెండోది, 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవంలోకి మారి బీసీ-సి సర్టిఫికెట్‌ తీసుకున్న దళిత కుటుంబాలకు ఈ రక్షణ అందడం లేదు. రాయలసీమలో ఎన్ని మాల, మాదిగ కుటుంబాలు చర్చికి పోతాయో మనకు తెలుసు.

విద్యార్థుల పని ఇక్కడ మొదలవుతుంది. కడపలో 2006లో వచ్చిన యోగి వేమన విశ్వవిద్యాలయం, కర్నూలులో 2008లో వచ్చిన రాయలసీమ విశ్వవిద్యాలయం, వాటి కింది కాలేజీలు ఈ ఊళ్ల పిల్లలతోనే నిండాయి. మేం సెలవులకు పోయేది పరిశోధన స్థలానికి కాదు, ఇంటికి. ఏ మేస్త్రీ ఎవరికి అడ్వాన్సు ఇచ్చాడో, ఎవరి పాస్‌పోర్టు మీద వయసు పెరిగిందో బయటి సంస్థకు తెలిసేలోపు మా అమ్మలకు తెలుస్తుంది. జాతీయ సేవా పథకం వలంటీర్లకు ఏటా 120 గంటల సేవ, దత్తత గ్రామంలో ఏడు రోజుల శిబిరం ఎలాగూ ఉన్నాయి. ఆ ఏడు రోజులు రోడ్డు ఊడ్చి ఫొటో దిగడానికి బదులు, సుగ్గికి పోయే ముందు కుటుంబాల జాబితా రాయవచ్చు: ఎవరు, ఏ మేస్త్రీతో, ఏ ఊరికి, ఎంత అడ్వాన్సు మీద పోతున్నారు, పిల్లలు సీజనల్‌ హాస్టల్‌లో ఉంటారా లేదా. ఒక ప్రతి ఇంట్లో, ఒకటి గ్రామ సచివాలయంలో మహిళా పోలీసు దగ్గర ఉంచాలి.

లా విద్యార్థులకు ఇంకా బలమైన తలుపు ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పారాలీగల్‌ వలంటీర్లుగా చేరవచ్చు. అక్రమ రవాణా బాధితుల కోసం నల్సా 2015లో ప్రత్యేక పథకమే తెచ్చింది.

మాకు అన్నిటికంటే ఉపయోగంగా తోచేది మాత్రం ఆర్టీఐ దరఖాస్తు. వెట్టి చట్టం 13వ సెక్షన్‌ ప్రకారం ప్రతి జిల్లాలో, ప్రతి డివిజన్‌లో విజిలెన్స్‌ కమిటీ ఉండాలి, అందులో ముగ్గురు ఎస్సీ, ఎస్టీ సభ్యులు ఉండాలి. మీ జిల్లాలో ఆ ముగ్గురు ఎవరు? చివరి సమావేశం ఎప్పుడు జరిగింది? ఎందరికి విడుదల పత్రం ఇచ్చారు? జిల్లా కార్యాలయానికి 10 రూపాయలు, మండలానికి 5, గ్రామ స్థాయిలో ఫీజే లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. విడుదల పత్రం ఊరికే అడగడం లేదు: 2016 కేంద్ర పథకంలో పురుషుడికి లక్ష, స్త్రీలకు, పిల్లలకు 2 లక్షలు, వ్యభిచార గృహాల నుంచి విడిపించిన వాళ్ల లాంటి తీవ్రమైన కేసుల్లో 3 లక్షల పునరావాస సాయం ఉంది.

చేయకూడనివీ ఉన్నాయి. రక్షించడానికని విద్యార్థులు సొంతంగా లాడ్జిల మీద పడకూడదు, ఏజెంటుతో బేరగాడిలా మాట్లాడకూడదు. ప్రాణాపాయం ఒకటైతే, సాక్ష్యం పాడవడం ఇంకొకటి. తిరిగొచ్చిన స్త్రీ ఫొటో, ఊరు, వీధి వాట్సాప్‌లో పెట్టకూడదు. అత్యాచారం జరిగి ఉంటే, బాధితురాలు మైనరైతే, గుర్తింపు బయటపెట్టడమే శిక్షార్హమైన నేరం. మైనర్‌పై లైంగిక నేరం గురించి తెలిసి చెప్పకపోవడం కూడా పోక్సో చట్టం కింద నేరమే.

పిల్లలైతే 1098, స్త్రీలకు 181, అత్యవసరంగా 112, కుల అత్యాచారాలకు 14566, ఉచిత న్యాయ సాయానికి 15100. గల్ఫ్‌లో చిక్కుకున్న వాళ్ల కోసం విదేశాంగ శాఖ మదద్‌ పోర్టల్‌లో ఇంటివాళ్లు ఇక్కడి నుంచే ఫిర్యాదు పెట్టవచ్చు. దానికి కావలసింది పాస్‌పోర్టు జిరాక్సు, వీసా కాగితం, యజమాని ఫోన్‌ నంబరు. కువైట్‌ పోయే అక్క ఈ మూడూ ఇంట్లో వదిలి పోయిందా లేదా అన్నది సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అడిగి చూసుకోవాలి.