పరకాయ ప్రవేశం - వంత పాడిన ఇల్లాలు

ఒకరి దేహంలో మరొకరు చేరడం మన కథలకు కొత్త కాదు. విక్రమార్కుడు చిలుక శరీరంలో ప్రవేశించగా, ఆ మంత్రాన్ని చాటుగా నేర్చినవాడు రాజదేహంలో దూరి గద్దెనెక్కిన కథ పెద్దల నోట విన్నదే. మాయల ఫకీరు బాలనాగమ్మను కుక్కగా మార్చి తీసుకుపోయాడు; తన ప్రాణాన్ని మాత్రం ఏడు సముద్రాల అవతల చిలుకలో దాచుకున్నాడు. కథల్లో ఇది భయానికీ, అద్భుతానికీ హేతువు. సినిమా దీన్ని హాస్యానికి వాడుకుంది.

1957లో విజయా వారు నిర్మించిన 'మాయాబజార్' ఆ హాస్యానికి తలమానికం. కె.వి.రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు రచన. ఘటోత్కచుడు శశిరేఖ రూపం దాల్చి ఆమె స్థానంలో పెళ్ళిపీటలెక్కుతాడు. శాస్త్రప్రకారం ఇది పరకాయ ప్రవేశం కాదు, కామరూపవిద్య. అయితే ప్రేక్షకునికి కలిగే ఆనందం ఒక్కటే: కళ్ళకు కనిపించేది ఒకరు, లోపల మసలేది మరొకరు. తెరమీద ఎస్.వి.రంగారావు ఉండడు, సావిత్రి నడకలో, కనుబొమల్లో ఆయన ఉంటాడు. ఆ మాయా శశిరేఖ ఆడిపాడే పాటలో పి.సుశీల గొంతూ, ఘంటసాల గొంతూ ఒకే దేహంనుండి మార్చి మార్చి వినిపిస్తాయి. ఈ శశిరేఖ వ్యాసభారతంలోనూ లేదు, కవిత్రయ భారతంలోనూ లేదు. జానపదులూ, నాటకాలవారూ మనకిచ్చిన పిల్ల ఆమె.

1988లో వచ్చిన 'యముడికి మొగుడు' అచ్చమైన దేహమార్పిడి కథ. యమలోకంలో జరిగిన పొరపాటుకు బలైన కాళి ప్రాణం, సొంత దేహం కాలిపోవడంచేత, అదే పోలిక గల పిరికివాడు బాలు దేహంలో చేరుతుంది. నవ్వించే సూత్రం మళ్ళీ అదే.

ఒక దేహంలో రెండు గొంతులు పలికించడానికి సినిమాకు ఒక నటి, ఇద్దరు గాయకులు కావలసివచ్చారు. మా మెతుకుసీమలో ఆ పనిని ఆలుమగలు ఇద్దరే నిర్వహించేవారు. కోతలు ముగిశాక సంగారెడ్డి, పటాన్‌చెరు చుట్టుపక్కల పల్లెలకు బుడిగ జంగాలు వచ్చేవారు. భర్త భుజాన తంబురా, వేళ్ళకు అందెలు. పక్కన భార్య చేత బుడిగె. ఆయన ఒక్కడే క్షణంలో ఫకీరు, మరుక్షణంలో బాలనాగమ్మ, ఆపైన ఆమె కొడుకు బాలవర్ధిరాజు. వేషం మారదు, గొంతు మారుతుంది. ఆమె పని అంతకన్నా కష్టమని నాకు తోస్తుంది. ఆయన చరణం ముగించేలోపు ఆ పాత్రను అందుకోవాలి, తాళం తప్పకూడదు, ఆయన శ్వాస తీసుకునే వ్యవధిలో కథ ఆగిపోకుండా నిలబెట్టాలి. కథ చెప్పేవాడు ఎన్ని దేహాలలో చేరినా, తిరిగి రావడానికి ఒక గొంతు కాచుకుని ఉండాలి కదా! ఆ గొంతు ఆమెది.

ఆమెను 'వంత' అన్నారు. నిఘంటువు చూస్తే ఈ శబ్దానికి దుఃఖమనే అర్థం కూడా ఉంది. కథకుని పేరు ఊరు గుర్తుపెట్టుకుంది. ఆమె 'జంగమాయన పెండ్లాం' గానే మిగిలింది. మా బాల్యంలో నేను విన్న ఇల్లాళ్ళలో ఒక్కరి పేరైనా ఇప్పుడు చెప్పలేను, ఎవరూ చెప్పలేదు గనుక.

1940ల మొదట్లో జంగంకథ బుర్రకథగా రూపుమార్చుకుని ఉద్యమవేదిక ఎక్కింది. నాజర్ చేతిలో అది గొప్ప కళ అయింది. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కథకునికి ఇరుపక్కలా హాస్యపు వంత, రాజకీయపు వంత నిలిచారు. పురుషుల దళాలలో ఇల్లాలి చోటు మరొక పురుషునిదయింది. మరొక వైపు మోటూరి ఉదయం వంటివారు మహిళా దళాలు కట్టి, ఇంతకాలం పక్కన నిలిచిన స్త్రీని నడిమికి తెచ్చారు. ఈ రెండూ ఒకే మార్పులోని భాగాలని మరువరాదు.

మా వైపు జరిగింది వేరు. 1960లలో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్., 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్, ఆ దశకంలోనే వరుసగా రసాయన, ఔషధ కర్మాగారాలు వచ్చాయి. నక్కవాగు నీళ్ళు చెడ్డ సంగతి 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. కథ చెడిన సంగతి ఏ న్యాయస్థానానికీ వెళ్ళలేదు. జంగంకథకు రాత్రంతా మేలుకొనే ఊరు కావాలి. మూడు షిఫ్టుల ఊరు రాత్రంతా మేలుకొనే ఉంటుంది, కానీ ఒకచోట కూర్చోదు. నా తరగతిలో జంగాల పిల్లలు చదివారు. బాలనాగమ్మ పాఠం చెప్పమంటే వాళ్ళే నాకన్నా బాగా చెప్పేవారు. ఆ తరువాతి ఏళ్ళలో చేరినవారికి తాత తంబురా అటకమీద ఉందని మాత్రం తెలుసు.

మాయాబజార్ పేర్ల పట్టికలో నటి పేరూ ఉంది, గాయకుల పేర్లూ ఉన్నాయి. ఈ కథలకు అటువంటి పట్టిక ఎవరూ వ్రాయలేదు. మిత్రులారా, మీ ఊళ్ళలో ఇంకా కథ చెప్పేవారెవరైనా ఉంటే వెళ్ళి వినండి. పాట వ్రాసుకునే ముందు పక్కన నిలిచిన ఆమె పేరు అడిగి వ్రాసుకోండి.