సారె బుట్టలో తొక్కుడు లడ్డు

ఆ పిడకలు కాస్త ఇటు ఎగదొయ్యి నాన్నా. మీరు హైదరాబాదు నుంచి తెచ్చిన చాక్లెట్ పెట్టె మాత్రం మంటకి దూరంగా పెట్టండి. దాని సంగతి కూడా చెబుతాను గానీ, ముందు బందరు లడ్డు, అదే తొక్కుడు లడ్డు ముచ్చట వినండి. నా కాపురం మొదలైంది దానితోనే.

మాది దివిసీమ, మీ తాతయ్యది గుడివాడ పక్కన ఈ పల్లె. నన్ను కాపురానికి పంపేటప్పుడు చలిమిడీ అరిసెలూ మా అమ్మ ఇంట్లోనే చేసింది. లడ్డు మాత్రం బందరు నుంచి రావాల్సిందే అంది. మా నాన్న ముందు రోజే బస్సెక్కి బందరు వెళ్లి, కోనేరు సెంటరు దగ్గర ఒక కొట్లో చెప్పి, రాత్రంతా అక్కడే కూర్చుని దగ్గరుండి చేయించుకొచ్చాడు. సారె బుట్ట విప్పగానే మా అత్తగారు ఒక లడ్డు తీసుకుని రెండు వేళ్లతో నొక్కి చూసింది. పొడిపొడిగా రాలితే పాకం పట్టలేదని లెక్క. పంటికి పలుకు తగిలితే దంపింది చాల్లేదని. నాకు కాళ్లు వణికాయి. ఆవిడ నోట్లో వేసుకుని, ఇంకోటి తీసి మామగారికి పంపింది. అంతే, ఊపిరి పీల్చుకున్నాను.

ఆ రాత్రి కొట్లో చూసిందంతా మా నాన్న జీవితాంతం చెబుతూనే ఉన్నాడు. శనగపిండి ముద్ద కలిపి, పూసలా ఒత్తి, నేతిలో వేయించారట. వేగిన పూసని రోట్లో పోసి రోకళ్లతో దంచారు. జల్లించి, మిగిలిన పలుకుని మళ్లీ రోట్లోనే వేశారు. ఆ మెత్తటి పొడిలో బెల్లం పాకం పోశారు. ఇక అయిపోయిందనుకునేరు, అసలు పని అప్పుడే మొదలైంది. పాకం కలిసిన పిండిని మళ్లీ దంచాలి. మధ్య మధ్య నెయ్యి పోయాలి, అడుగు నుంచి తిరగెయ్యాలి. ఒకడి చేతులు పడిపోతే ఆ కొట్టు అన్నదమ్ముల్లో ఇంకొకడు రోకలి అందుకున్నాడట, దెబ్బ తప్పకుండా. వాళ్ల తండ్రి పక్కన పీట మీద కూర్చుని, చిటికెడు పిండి వేళ్ల మధ్య నలిపి చూసి, ఇంకా కానివ్వండి అంటున్నాడట. తెల్లవారుజామున గానీ చాలు అనలేదు. అప్పుడు యాలకుల పొడి, జీడిపప్పు కలిపి ఉండలు కట్టారు.

ఇప్పుడు మిషన్లొచ్చాయి, తప్పేం లేదు, మనుషుల భుజాలు అరిగిపోనక్కర్లేదు. కానీ ఆ పీట మీద కూర్చుని ఇంకా కానివ్వండి అనే మనిషి ఉన్న కొట్టుకీ లేని కొట్టుకీ తేడా నా నాలుక్కి తెలుస్తుంది.

ఈ లడ్డునీ హల్వానీ బుందేల్‌ఖండ్ నుంచి వచ్చి బందరులో స్థిరపడ్డ బొందిలీ కుటుంబాలు తెచ్చాయని పెద్దవాళ్లు చెప్పేవారు. తర్వాత మిగతావాళ్లూ పని నేర్చుకుని కొట్లు పెట్టారు. 2017లో బందరు లడ్డుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పేపర్లో చూసి మీ తాతయ్య ఫొటో ముందు చదివి వినిపించాను.

1977 నవంబరు 19న మా దివిసీమని ముంచిన ఉప్పెన గురించి మీకు తెలుసుగా. పదివేల పైచిలుకు ప్రాణాలు పోయాయి. మా పుట్టింటి వైపు ఎన్ని గడపలు ఖాళీ అయ్యాయో చెప్పలేను. ఆ సంక్రాంతికి మా చెల్లెలికి సారె వెళ్లలేదు, వాళ్ల అత్తవారు అడగనూ లేదు. ఆ పై యేడు నాన్న మళ్లీ బందరు బస్సెక్కాడు. తెచ్చింది కొంచెమే. అందులోనే చెల్లెలికి కొన్ని తీసి, మిగతావి ఊళ్లో బతికిన ప్రతి ఇంటికీ తనే వెళ్లి ఇచ్చొచ్చాడు. లడ్డు చేతిలో పెడితే ఏడవని వాళ్లు లేరు.

ఇక చాక్లెట్ సంగతి. మీ అమ్మ చిన్నప్పుడు గుడివాడ బడి దగ్గర కొట్లో చాక్లెట్ అంటే న్యూట్రినే. చిత్తూరులో ఒక రెడ్డిగారి కుటుంబం 1952లో పెట్టిన కంపెనీ అది. మహాలాక్టో కాగితాలు మీ అమ్మ పుస్తకాల్లో దాచుకునేది. తర్వాత 2006లో దాన్ని గోద్రెజ్ వాళ్లు కొన్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. అయినా తెలుగు ఇంట్లో పుట్టిన పేరు చేతులు మారిందని తెలిసిన రోజు మనసు చివుక్కుమంది.

అందుకే ఈ పెట్టె చూస్తే నాకు ముచ్చటగా ఉంది. దీని పేరు ‘మనం చాక్లెట్’. వాళ్లది ముందు నుంచీ మిఠాయిల ఇల్లేనట. హైదరాబాదులో ఆల్మండ్ హౌస్ నడిపే కుటుంబం. ఆ ఇంటి అబ్బాయి చైతన్య ముప్పాల 2023లో బంజారా హిల్స్‌లో దీన్ని మొదలుపెట్టాడు. మరుసటి యేడే అమెరికా వాళ్ల టైమ్ పత్రిక ప్రపంచంలో చూడదగ్గ చోట్లలో దాన్నీ రాసింది. కోకో గింజలు ఎక్కడివనుకున్నారు? మన కొల్లేరు దాటితే ఏలూరు, ఆ పైన తడికలపూడి, ఆ చుట్టుపక్కల తోటలవే.

ఆ మధ్య అటు పెళ్లికెళ్లినప్పుడు చూశాను. కొబ్బరి చెట్ల నీడన కోకో. కాయ మాను మీదే కాస్తుంది, తెలుసా? పగలగొడితే గింజల చుట్టూ తెల్లటి గుజ్జు, సీతాఫలంలా. ఆ గుజ్జుతోనే గింజల్ని చెక్కపెట్టెల్లో పోసి అయిదారు రోజులు మాగబెడతారు. చెయ్యి పెడితే కాలుతుందేమో అన్నంత వేడి పుడుతుంది లోపల. మధ్యలో తిరగెయ్యాలి. తొందరపడి ముందే తీస్తే చేదు, వగరు పోవు. ఆలస్యమైతే కుళ్లు వాసన. తర్వాత ఎండబెట్టి, వేయించి, పొట్టు తీసి, రాతి చక్రాల కింద రోజుల తరబడి నూరతారట, నాలుక మీద పలుకు తగలనంత మెత్తగా అయ్యేదాకా. అది విన్నప్పుడు మా అత్తగారి వేళ్లు గుర్తొచ్చాయి. ఆవిడ ఉంటే ఈ బిళ్లని కూడా నొక్కి చూసి, నోట్లో వేసుకుని, ఇంకోటి మామగారికి పంపేది.

రేపు మీరు మంగినపూడి సముద్రానికి పోతారుగా. వచ్చేటప్పుడు బందరులో ఆగండి. లడ్లు బెల్లంవే అడగండి. హల్వా కూడా తెండి, గోధుమపాలతో చేసే నల్ల హల్వా. పొయ్యి మీద పెట్టిన దగ్గర్నుంచీ గరిటె ఆపకుండా కలపాలి దాన్ని, దాని కథ ఇంకా ఉంది. ఇప్పుడు ఈ చాక్లెట్ నీ చెల్లికి ముందు పెట్టు, తర్వాత నువ్వు తిను.