సింహాసనం వదిలినవాడు, మోసుకొచ్చినవాడు

1565 జనవరి నెలాఖరు. తుంగభద్ర ఒడ్డు నుంచి దక్షిణానికి వచ్చే బాటంతా దుమ్ము. ముందు ఏనుగులు నడుస్తున్నాయి. వాటి మీద అంబారీలు లేవు. పెట్టెలు, మూటలు ఉన్నాయి. పక్కన కత్తులు దూసిన సిపాయిలు. దక్కను సుల్తానులతో జరిగిన రక్కసి-తంగడి యుద్ధంలో అన్న అళియ రామరాయల తల తెగింది. తమ్ముడు తిరుమలరాయలకు ఒక కన్ను పోయింది. మిగిలిన కంటితోనే విజయనగర రాజధాని హంపీలోని ఖజానాను ఏనుగులకెత్తించి బయల్దేరాడు. వెంట సదాశివరాయలు. పేరుకు చక్రవర్తి ఆయనే, ఉన్నది మాత్రం బందీగా.

"ఇంకా ఎంత దూరం మామా?" కుర్ర మావటి అడిగాడు.

"పెనుకొండ కనపడేదాకా."

"అది కొండేనంట కదా?"

"కొండ గనకనే పోతుండాం. నిన్న మొన్నటిదాకా మనకు గోడలుండె. ఇప్పుడు రాళ్ళే దిక్కు."

మావటీల మాటలు నా ఊహ. మిగతాది చరిత్ర. ఆ ఏనుగులు 550 అని రాబర్ట్ సూయెల్ 1900లో వెలువరించిన విజయనగర చరిత్రలో రాశాడు. వాటి మీద బంగారం, వజ్రాలతో పాటు రత్నాలు చెక్కిన రాజసింహాసనం కూడా ఉందట. ఓడిన రాజ్యం తన గద్దెను వీపున వేసుకుని కొత్త ఊరు వెతుక్కుంటూ వచ్చింది.

ఆ ఊళ్ళో అప్పటికే ఒక రాజు నిద్రపోతున్నాడు.

మదనపల్లెలోనూ, పుంగనూరులోనూ, కుప్పంలోనూ బాబయ్య పేరు తెలియని పాతకాలపు ఇల్లు అరుదు. దూది ఏకే దూదేకుల కుటుంబాలకైతే ఆయన సాక్షాత్తూ గురువు. బిడ్డకు జ్వరం తగ్గితే చాలు, "పెనుకొండ బాబయ్య సామికి చదివింపులు ఇస్తాం" అని మొక్కుకుంటారు. చక్కెర, బొరుగులు పట్టుకుని ఉరుసుకు బయల్దేరుతారు. మొక్కుకున్న ఇళ్ళలో బాబయ్య, ఫకీరప్ప, ఫకృద్దీన్ అనే పేర్లు పెట్టుకుంటారు. ఆ పేర్లు హిందువుల ఇళ్ళలోనూ వినపడతాయి, ముస్లింల ఇళ్ళలోనూ వినపడతాయి.

సంప్రదాయం చెప్పే కథ ప్రకారం ఈ బాబయ్య, అంటే బాబా ఫకృద్దీన్, ఇరాన్, అఫ్ఘానిస్తాన్ సరిహద్దున ఉండే సీస్తాన్ ప్రాంతపు రాజు. రాచరికం మీద మనసు విరిగింది. కిరీటం తీసి పక్కన పెట్టి ఫకీరు వేషంలో గురువును వెతుక్కుంటూ తిరుచిరాపల్లి దాకా నడిచాడు. అక్కడి నత్తర్ వలీ ఆయన్ని శిష్యుడిగా స్వీకరించాడు. కొంతకాలానికి పిలిచి, పండ్లు తోముకునే ఎండుపుల్ల ఒకటి చేతికిచ్చాడు.

"రాత్రి ఎక్కడ ఆగితే అక్కడ దీన్ని మట్టిలో గుచ్చు. తెల్లారి లేచి చూడు."

"చూసి?"

"ఎండే ఉంటే మళ్ళీ నడువు. చిగురేస్తే ఇక నడవకు. అదే నీ చోటు."

రాజుగా పుట్టినవాడు ఆ పుల్లను భద్రంగా పట్టుకుని ఎన్నో ఊళ్ళు దాటాడు. రోజూ గుచ్చడం, పొద్దున్నే పెరికి చేతబట్టుకోవడం. పెనుకొండలో ఒక తెల్లవారుజామున పుల్ల కణుపు దగ్గర పచ్చగా కనపడింది. ఆయన అక్కడే కూర్చున్నాడు. ఇదంతా 13వ శతాబ్దపు మాట అంటారు. అటు ముల్తాన్‌లో సూఫీ గురువు బహావుద్దీన్ జకరియా సమాధి వెలిసి ఆ నగరం పీర్ల ఊరుగా పేరు తెచ్చుకుంటున్నదీ ఆ శతాబ్దంలోనే. ముల్తాన్ కథను ప్రపంచమంతా చెప్పుకుంటుంది. మన ఇంటి పక్కనున్న పెనుకొండ కథను మనమే సరిగా చెప్పుకోవడం లేదని నాకు బాధ.

చిగురు కథను చరిత్రకారుడు తూకం వేయలేడు. రాతిని వేయగలడు. 1354లో మొదటి బుక్కరాయల కొడుకు విరుపణ్ణ ఏలుబడిలో మంత్రి అనంతరసు ఇక్కడ కోట కట్టించినట్టు శాసనం ఉంది. అంతకు ముందే ఇది జైనులకు గొప్ప విద్యాపీఠం. ఢిల్లీ, కొల్హాపూరు, జినకంచిల సరసన నిలిచిన ఊరు. ఇక్కడి పార్శ్వనాథ ఆలయంలో ఇప్పటికీ పూజలు జరుగుతున్నాయి. ఒకే ప్రాంగణంలో భుజం భుజం కలిపి నిలబడ్డ రాముడి గుడి, శివుడి గుడి ఉన్నాయి. షేర్ ఖాన్ మసీదు ఉంది. గగన్ మహల్ దగ్గర నిలబడి చూడండి: కమానులు సుల్తానుల పద్ధతి, పైన గోపురం మన గుడుల పద్ధతి. యుద్ధాలు జరిగిన ఆ ఏళ్ళలోనే రెండు పక్షాల కట్టుబడీ ఒకే గోడ మీద కలిసిపోయింది.

తిరుమలరాయలు ఏనుగులు దింపుకున్నది ఈ ఊళ్ళోనే. కొన్నాళ్ళకు హంపీని మళ్ళీ నిలబెట్టాలని చూశాడు. 1567లో అక్కడ ఏడు నెలలు చిక్కుబడ్డ వెనిస్ వర్తకుడు చెజారె ఫెదెరీచి రాసిన సంగతులు చదువుతుంటే మనసు కలుక్కుమంటుంది. గోవా వర్తకులకు మంచి ధర ఇస్తామని కబురు పెట్టి గుర్రాలు తెప్పించుకున్నారట. గుర్రాలు చేరాక వర్తకులను ఉత్త చేతులతో పంపేశారట. రాజు చివరికి ఎనిమిది రోజుల ప్రయాణం దూరంలోని పెనుకొండకే తరలిపోయాడనీ, హంపీ ఇళ్ళు నిలబడే ఉన్నా లోపల పులులు తిరుగుతున్నాయనీ రాశాడు. సింహాసనం కాపాడుకోవాలనుకున్నవాడు ఎంతకు దిగాల్సి వచ్చిందో ఆ గుర్రాల కథే చెబుతుంది. ఈ తిరుమలరాయలే రామరాజభూషణుడి వసుచరిత్రను అంకితం పుచ్చుకున్న రసికుడు. అందుకే ఆయన్ని తేలిగ్గా తీసేయబుద్ధి కాదు. తన పేర పట్టాభిషేకం చేయించుకున్న కొద్దికాలానికే, 1572లో, రాజ్యం కొడుకు శ్రీరంగరాయలకు అప్పగించి ఆధ్యాత్మిక జీవనంలోకి వెళ్ళిపోయాడు. అదే ఊళ్ళో తనకు ముందు అదే పని చేసినవాడి సమాధి ఉంది. ఆయన ఎప్పుడైనా దాని ముందు ఆగాడా అన్నది ఏ శాసనమూ చెప్పదు. నేను మాత్రం ఆగే ఉంటాడని అనుకుంటాను.

1576లో బిజాపూరు సేనలు వచ్చి, కోట లొంగక వెనుదిరిగాయి. అసలు పరీక్ష 1589 ప్రాంతంలో వచ్చింది. గద్దె మీద శ్రీరంగడి తమ్ముడు రెండో వెంకటపతిరాయలు. గోల్కొండ నుంచి మహమ్మద్ కులీ కుతుబ్ షా స్వయంగా కదిలొచ్చాడు. తర్వాత రెండేళ్ళకు హైదరాబాదుకు పునాది వేసినవాడు ఈయనే. కోట చుట్టూ గుడారాలు లేచాయి. లోపల గాదెలు అడుగంటాయి.

వెంకటపతి సంధి మాటలకు మనుషుల్ని పంపాడు. సుల్తాను నమ్మి సైన్యాన్ని కాస్త వెనక్కి జరిపాడు. దొరికింది మూడే రోజులు. కోట తలుపులు తెరుచుకున్నాయి. రాత్రీ పగలూ గింజలు లోపలికి చేరాయి.

నాలుగో రోజు వెంకటపతికి తోడుగా జగదేవరాయలు వచ్చాడు. ఆయన వెంట 30,000 తుపాకీదళం ఉందని గోల్కొండ పక్షపు చరిత్రకారుడే రాశాడు. తర్వాత చన్నపట్న కేంద్రంగా బారామహల్‌ను ఏలింది ఈ వీరుడే. కుప్పం దాటి కృష్ణగిరి వైపు దిగితే మొదలయ్యే నేల అది. సుల్తాను మళ్ళీ ముట్టడి బిగించాడు, ఫలితం లేకపోయింది. వానాకాలం దగ్గరపడుతోంది. కృష్ణకు వరదొస్తే ఇంటిదారి మూసుకుంటుంది. గుడారాలు పీకించి వెళ్ళిపోయాడు.

గెలిచినా వెంకటపతికి ఇక్కడ నిద్ర పట్టలేదు. 1592లో రాజధాని చంద్రగిరికి తరలింది. సింహాసనం మళ్ళీ దారి పట్టింది. ఆ బళ్ళు మన మదనపల్లె పక్క కొండల్లోంచే దిగి ఉండాలి. పెనుకొండ నుంచి చంద్రగిరికి సూటిగా పోయేవాడికి దారి ఇటే కదా. ఆ తర్వాత వేలూరు. ఆ తర్వాత గద్దే లేదు.

బాబయ్య మాత్రం కదల్లేదు. పాలకులు మారారు, దర్గాకు ఇనాములు ఆగలేదు. విజయనగర రాజుల నుంచి టిప్పు దాకా అందరూ ఇచ్చారని చెబుతారు. టిప్పు మేనమామ మీర్ రజా అలీ ఖాన్ మక్బరా మన గుర్రంకొండలో ఉంది. చూడ్డానికి ఎంతో అందమైన కట్టడం. బాబయ్య దర్గా అంత ఠీవిగా ఉండదు. జనం మాత్రం అక్కడికే పోతారు.

మన వైపు నుంచి ఉరుసుకు పోయేవాళ్ళు కదిరి మీదుగా వెళ్ళి, గంధం చూసి, రాత్రికి రాత్రే బస్సెక్కేస్తారు. పెద్దలు మొక్కు తీర్చుకుంటున్నంతసేపూ పిల్లల్ని అలా కూర్చోబెట్టకండి. గగన్ మహల్‌కూ, పార్శ్వనాథుడి దగ్గరికీ, రాముడూ శివుడూ పక్కపక్కనున్న ఆ ప్రాంగణానికీ తీసుకెళ్ళండి. కోట ఉత్తర ద్వారం దగ్గర 1354 నాటి అక్షరాలు చూపించండి. ఎర్రమంచి దగ్గర 2019లో తెరిచిన కార్ల ఫ్యాక్టరీ పేరుతోనే ఇప్పటి పిల్లలకు పెనుకొండ తెలుసు. ఆ ఊరు ఒకప్పుడు తెలుగువాళ్ళకు రాజధాని అని వాళ్ళకు మనమే చెప్పాలి.