దక్షిణాఫ్రికా విద్యార్థి సంస్థ (సాసో)

దక్షిణాఫ్రికా దేశమున నల్లజాతి విద్యార్థులు తమకు తాముగా నిర్మించుకొని, 1969 జులై మొదలు 1977 అక్టోబరు వరకు నడపిన సంఘము దక్షిణాఫ్రికా విద్యార్థి సంస్థ. దీని యాంగ్లనామములోని తొలి యక్షరములను కూర్చి ‘సాసో’ యని వ్యవహరించుట వాడుకయైనది. విద్యార్థి సంఘమనగా వసతిగృహపు భోజనమును గూర్చియు, ఆటస్థలములను గూర్చియు అధికారులకు విన్నపములు చేసికొను సభ యను భావము ప్రబలియున్న కాలమున, సమానత్వము యాచించి పొందదగినది కాదనియు, దానికి ముందుగా అణగద్రొక్కబడినవాని మనస్సు దాస్యమునుండి విడివడవలెననియు ఈ సంఘము బోధించెను. దీని ప్రథమాధ్యక్షుడగు స్టీవ్ బీకో పేరు లోకవిదితము. అయినను ఒకడు తొలగింపబడిన మరునాడే మరియొకడు ఆ స్థానమున నిలువగలుగునట్లు నాయకులను వరుసగా తయారుచేసికొనుటయే దీని ముఖ్యమైన ఘనత.

పూర్వచరిత్ర: ఆఫ్రికనుల యున్నతవిద్యకై ఆలిస్ పట్టణమున 1916లో ఫోర్ట్ హేర్ కళాశాల స్థాపింపబడెను. అచ్చట చదువుకొనుచుండిన నెల్సన్ మండేలా, 1940లో భోజనసౌకర్యములకును విద్యార్థి ప్రతినిధి సభ యధికారములకును సంబంధించిన వివాదమున అధికసంఖ్యాకులు ఎన్నికను బహిష్కరింపగా, అట్టి యెన్నికలో తనకు లభించిన స్థానమును నిరాకరించి, ప్రధానాచార్యుని షరతునకు లోబడక కళాశాలను వీడెను. 1949లో ఆ సభకు అధ్యక్షుడుగా నుండిన రాబర్ట్ సొబుక్వే, తరువాతి కాలమున పాన్ ఆఫ్రికనిస్టు కాంగ్రెసునకు నాయకుడయ్యెను. అంతకు చాల పూర్వమే, 1924లో, దేశమందలి విశ్వవిద్యాలయములకు ఉమ్మడి వేదికగా నుసాస్ అను జాతీయ విద్యార్థి సమాఖ్య పుట్టినది; 1945 నాటికి ఫోర్ట్ హేర్ అందు ప్రవేశము పొందెను.

1948లో నేషనల్ పార్టీ అధికారమునకు వచ్చి వర్ణవివక్షను రాజ్యనీతిగా ప్రకటించిన పిమ్మట, 1953 నాటి బంటూ విద్యా చట్టము పాఠశాలలను, 1959 నాటి విశ్వవిద్యాలయ విద్యా విస్తరణ చట్టము ఉన్నతవిద్యను తెగలవారీగా చీల్చివేసెను. విస్తరణ మను పేరు గల యీ శాసనము నిజమునకు కేప్‌టౌన్, విట్‌వాటర్స్‌రాండ్ వంటి విశ్వవిద్యాలయముల ద్వారములను మంత్రి యనుమతి లేని నల్లవారికి మూసివేసినది. సోథో, వెండా, సోంగా, త్స్వానా జనులకు పీటర్స్‌బర్గ్ సమీపమున టర్‌ఫ్లూప్, జూలూలకు న్గోయె, మిశ్రవర్ణులకు బెల్‌విల్, ఖోసాలకు ఫోర్ట్ హేర్: ఇట్లు ఒక్కొక్క జనమునకు ఒక్కొక్క కళాశాల నిర్ణయింపబడెను. భారతీయ సంతతివారికై 1961లో డర్బన్ రేవులోని సాలిస్‌బరీ ద్వీపమున, పాత సైనిక శిబిరపు కట్టడములలో ఒక కళాశాల తెరువబడినది. 1860 నవంబరు 16న మదరాసునుండి ట్రూరో యను నావలో నేటాలు తీరము చేరిన తొలి ఒప్పందపు కూలీల వెంబడి, తరువాతి యర్ధశతాబ్దమున చెరకుతోటలకు వలసపోయినవారిలో తెలుగువారును పలువురు కలరు. వారి సంతతివారు 1931లో తమకొక ఆంధ్ర మహాసభను నెలకొల్పుకొనిరి. ఆ కుటుంబముల బిడ్డలకును ఉన్నతవిద్య కావలెనన్న చట్టము చూపినది ఈ ద్వీపమునే.

ఆవిర్భావము: నుసాస్ నాయకులు వర్ణవివక్షను ఎదిరించినవారే, వారిలో కొందరు నిర్బంధములను సైతము సహించిరి. 1966లో సమాఖ్య యధ్యక్షుడగు ఇయన్ రాబర్ట్‌సన్, అమెరికా నాయకుడు రాబర్ట్ కెనెడీని ఆహ్వానించి, ఆ యతిథి వచ్చులోపలనే ప్రభుత్వముచే నిషేధాజ్ఞకు గురియయ్యెను. అయినను సమాఖ్యలో తెల్లవారి సంఖ్యయు, వారి వాక్చాతుర్యమును, వారు నిర్ణయించిన కార్యక్రమమును నల్లవారిని శ్రోతలుగానే యుంచినవి. 1967 జులైలో గ్రహామ్స్‌టౌన్‌లోని రోడ్స్ విశ్వవిద్యాలయమున సమాఖ్య మహాసభ జరిగినపుడు, నల్ల ప్రతినిధులు ఆవరణలోని వసతిగృహములలో నిద్రింపరాదని విశ్వవిద్యాలయము శాసింపగా, వారు దూరమున నున్న ఒక చర్చి కట్టడమున రాత్రులు గడుపవలసివచ్చెను. సభను నిలిపివేయవలెనని, నేటాలు వైద్యకళాశాల విద్యార్థియు ఇరువదియేండ్ల యువకుడునగు బీకో ప్రతిపాదించెను. సుదీర్ఘ చర్చానంతరము ఆ ప్రతిపాదన వీగిపోయినది. సానుభూతి చూపువారు సైతము తమ సౌఖ్యమును వదులుకొనుటకు సిద్ధపడరను సత్యము ఆ దినమున అతనికి గోచరించెను.

మరుసటి యేట స్టటర్‌హైమ్‌లో జరిగిన విశ్వవిద్యాలయ క్రైస్తవోద్యమ సభలో నల్ల ప్రతినిధులు వేరుగా కూర్చుండి ఆలోచించుకొనిరి. 1968 డిసెంబరులో డర్బన్‌కు చేరువనున్న మరియన్‌హిల్‌లో వారు మరల సమావేశమై నూతనసంఘమును నిర్మింప నిశ్చయించిరి. 1969 జులైలో టర్‌ఫ్లూప్ నందు దాని ప్రారంభ మహాసభ జరిగి, బీకో అధ్యక్షుడుగా ఎన్నికయ్యెను. టర్‌ఫ్లూప్ అధికారులు ఈ కొత్త సంఘమును మొదట కొంత యుపేక్షతో చూచిరి. నల్లవారు వేరుపడుటలో తమ విభజనసిద్ధాంతమే ఫలించినదని వారు భ్రమించియుందురు. ఆ భ్రమ చిరకాలము నిలువలేదు.

సిద్ధాంతము, నిర్వహణము: సాసో 1970లో నుసాస్‌ను జాతీయ సమాఖ్యగా గుర్తించుట మానుకొని, 1971లో తన విధానపత్రమును వెలువరించెను. చట్టముచేతనో ఆచారముచేతనో రాజకీయ, ఆర్థిక, సాంఘిక రంగములలో వివక్షకు లోనై, విముక్తికై ఒక్కటిగా నిలువనెంచిన వారెల్లరును నల్లవారే యని ఆ పత్రము నిర్వచించినది. ప్రభుత్వము వేర్వేరు కళాశాలలలో బంధించిన ఆఫ్రికన్, మిశ్రవర్ణ, భారతీయ విద్యార్థులు ఈ నిర్వచనముచే ఏకకుటుంబమైరి. సంఘపు ముందువరుసలో స్ట్రీనీ మూడ్లీ, సాథ్స్ కూపర్ వంటి భారతీయ సంతతివారు నిలిచిరి. సంఘపత్రికలో ‘ఫ్రాంక్ టాక్’ అను మారుపేరుతో బీకో వ్రాసిన వ్యాసములు ఈ భావధారకు, అనగా నల్లజాతి చైతన్యవాదమునకు, ప్రధాన గ్రంథములైనవి.

బీకో ఒక్క యేడు మాత్రమే అధ్యక్షపదవిలో నుండి, 1970లో దానిని బార్నీ పిట్యానాకు అప్పగించి తాను ప్రచురణల బాధ్యతను స్వీకరించెను. ఏటేటా అధ్యక్షుడు మారుట సంఘపు ఆచారము. ‘నిర్మాణ పాఠశాలలు’ అను పేర శిక్షణ శిబిరములు నడపి, ఒక్కొక్క విద్యాలయమునుండి వచ్చిన యువకులకు సభ నడపుట, తీర్మానము వ్రాయుట, ఎదుటివాని వాదమును ఓపికతో విని ఖండించుట మొదలగువానిని అభ్యాసము చేయించిరి. క్రమశిక్షణయందు సంఘము కఠినముగానే ఉండెను: 1972లో హామన్స్‌క్రాల్ సభయందు అధ్యక్షుడు టెంబా సోనో, ప్రభుత్వము తెగలవారీగా సృష్టించిన ప్రాంతములగు బంటూస్థానముల నాయకులతో కలసి పనిచేయవచ్చునని సూచింపగా, ఆ సభయే అతనిని పదవినుండి తొలగించి జెర్రీ మోడిసానేను ఎన్నుకొనెను. స్త్రీల సంఖ్య నాయకశ్రేణిలో స్వల్పము. అయినను మాంఫేలా రాంఫేలే, డెబొరా మట్షోబా వంటివారి కృషి మరువరానిది.

సంఘమునకు హృదయస్థానమైనది డర్బన్ దక్షిణభాగమున వెంట్‌వర్త్‌లోని ఆలన్ టేలర్ వసతిగృహము. నేటాలు విశ్వవిద్యాలయపు నల్లజాతి వైద్యవిద్యార్థులకు కేటాయింపబడిన ఈ పాత సైనికశాలలకు ఆనుకొని చమురుశుద్ధి కర్మాగార ముండెను. దాని పొగయు వాసనయు గదులలోనికి వచ్చుచుండగా, రాత్రులు చాలవరకు చర్చలతో గడచెడివి. పగలు పాఠములు, సెలవు దినములలో పల్లెలలో అక్షరాస్యతాబోధ, రోగులకు చికిత్స, నీటివసతుల యేర్పాటు: ఇదియే వారి దినచర్య. ఈ సేవాదృష్టి తరువాత నల్లజాతి సమాజ కార్యక్రమములుగా విస్తరించి, 1975లో కింగ్ విలియమ్స్ టౌన్ సమీపమున జిన్యోకా గ్రామమందు రాంఫేలే నిర్వహించిన ‘జనెంపీలో’ యను వైద్యశాలగా రూపుదాల్చినది.

టీరో స్నాతకోత్సవ ప్రసంగము: సంఘచరిత్రలో 1972 ఏప్రిలు 29 సర్వోన్నతమైన దినము. డినోకానా గ్రామమున పుట్టి, బాల్యమున మాంగనీసు గనిలో కొంతకాలము కూలిచేసి, పిదప చదువుకొని టర్‌ఫ్లూప్ విద్యార్థి ప్రతినిధి సభకు అధ్యక్షుడుగా నుండిన అబ్రహాం ఓంగ్కొపోత్సే టీరోను, ఆ దినమున జరిగిన స్నాతకోత్సవమున తమ తరఫున మాటలాడుటకు పట్టభద్రులు ఎన్నుకొనిరి. ముందువరుసలలో శ్వేతజాతి యతిథు లాసీనులైయుండిరి. బిడ్డల చదువునకై రెక్కలు ముక్కలు చేసికొని, దూరప్రాంతములనుండి వచ్చిన తల్లిదండ్రులలో పలువురకు మందిరములో చోటు దొరకక వెలుపలనే నిలువవలసివచ్చెను. టీరో ఈ విషయమును సభాముఖముననే ఎత్తిచూపెను. నల్లవారిదని పేరు పెట్టిన విశ్వవిద్యాలయమునకు మాంసము సరఫరా చేయు కాంట్రాక్టు తెల్లవాని కేల దక్కవలెను? సెలవులలో దొరకు ఉద్యోగములు శ్వేత విద్యార్థులకే యేల ఈయవలెను? బంటూ విద్యకు బదులు దేశప్రజలందరికిని ఒకే విద్య యేల ఉండరాదు? ఇట్లు కోపము లేని స్వరముతో, దృష్టాంతములను ఒకదానివెంట నొకటి పేర్చుచు అతడు సాగించిన ఆ ప్రసంగము, నాయకత్వమనునది ఏ యెత్తున నిలువగలదో చూపుచున్నది.

పాలకమండలి అతనిని బహిష్కరించెను. విద్యార్థులు తరగతులను వదలి బైఠాయింపగా, పోలీసులు ఆవరణలోనికి రాగా, వేయిమందికి పైబడిన విద్యార్థులందరును వెళ్లగొట్టబడిరి. మే 13న ఆలిస్‌లో సమావేశమైన సాసో, అన్ని నల్ల కళాశాలలును తరగతులను బహిష్కరింపవలెనని పిలుపునీయగా, టర్‌ఫ్లూప్ మంట ఇతర ప్రాంగణములకు వ్యాపించెను. టీరో నల్లవారి నివాసపట్టణమగు సొవెటోలోని మోరిస్ ఐజాక్సన్ ఉన్నతపాఠశాలలో చరిత్రోపాధ్యాయుడుగా చేరెను. అతనిచే ప్రభావితులైన విద్యార్థులలో త్సియెట్సీ మషినినీ యను బాలుడొకడు. కొలదికాలమునకే ఆ యుద్యోగమును ప్రభుత్వ మూడబెరుకగా, సాసో పూర్తికాల కార్యకర్తయైన టీరో, 1973లో నిర్బంధమునకు చిక్కకుండ బోట్స్వానాకు తరలిపోయెను. 1974 ఫిబ్రవరి 1న అతనికి వచ్చిన ఒక తపాలా పొట్లము విప్పుచుండగా ప్రేలి, అతని ప్రాణములను హరించినది. అతని యస్థికలు స్వదేశమును చేరుటకు 1998 వరకు పట్టెను.

నిర్బంధము, అభియోగము: 1973 మార్చిలో బీకో, పిట్యానా, కూపర్, మూడ్లీ ప్రభృతులగు ఎనమండ్రుగురిపై నిషేధాజ్ఞలు జారీయైనవి. నిషేధాజ్ఞ పొందినవాడు తన మండలము దాటరాదు, సభలలో మాటలాడరాదు. అతని మాటను పత్రికలు ప్రచురింపరాదు. సంఘము కూలిపోవునని ప్రభుత్వము తలంచినను, నిర్మాణ పాఠశాలలలో తయారైన రెండవ వరుస ముందుకు వచ్చెను. మొజాంబిక్ విముక్తిని అభినందించుచు 1974 సెప్టెంబరు 25న డర్బన్‌లోని కరీస్ ఫౌంటెన్ మైదానమునందును, టర్‌ఫ్లూప్ నందును నిషేధమును లెక్కింపక వారు సభలు జరిపిరి. ఆ సభల కారణముగా పట్టుబడినవారిలో టర్‌ఫ్లూప్ సాసో శాఖకు చెందిన సిరిల్ రమఫోసా ఒకడు. ఉత్తరోత్తర దేశాధ్యక్షుడైన అతడు విచారణ లేకయే పదునొకండు నెలలు చెరలో నుండెను.

ఆ సభల పిమ్మట సాథ్స్ కూపర్, ముంటూ మ్యేజా, మోసియువా లెకోటా, స్ట్రీనీ మూడ్లీ మొదలగు తొమ్మండ్రుగురిపై నడచిన అభియోగమున ఆయుధములు గాని, హింసాకార్యములు గాని సాక్ష్యముగా చూపబడలేదు. కవితలు, నాటకములు, ప్రసంగములు, తీర్మానములు నేరములుగా చదువబడినవి. 1976 మేలో బీకో ప్రిటోరియా న్యాయస్థానమున ప్రతివాదుల పక్షమున సాక్ష్యమిచ్చెను. సభలో నోరు విప్పరాదని శాసింపబడినవాని భావములు న్యాయస్థాన వార్తలుగా పత్రికలకెక్కి దేశమంతట పఠింపబడినవి. డిసెంబరులో తొమ్మండ్రుగురికిని అయిదారేండ్ల చొప్పున శిక్షలు పడగా, వారిని రాబెన్ ద్వీపపు చెరసాలకు పంపిరి.

ఈ లోపల 1976 జూన్ 16న సొవెటో బాలురు గణితము, సాంఘికశాస్త్రము మున్నగువానిని ఆఫ్రికాన్స్ భాషలో బోధింపరాదని కోరుచు ఊరేగింపుగా బయలుదేరిరి. వారిని నడపినవారిలో అగ్రగణ్యుడు టీరో పనిచేసిన పాఠశాలకు చెందిన మషినినీయే. పోలీసుల కాల్పులలో హెక్టర్ పీటర్సన్ మున్నగు పిల్లలు నేలకొరిగిరి. తరువాతి మాసములలో దేశమెల్ల చెలరేగిన సంఘర్షణలో 575 మంది మరణించిరని ప్రభుత్వము నియమించిన సిలియే విచారణసంఘమే లెక్కించెను. 1977 ఆగస్టు 18న బీకో పట్టుబడి, పోలీసుల హింసచే తలకు గాయమై, సెప్టెంబరు 12న ప్రిటోరియా కారాగృహమున మరణించెను. అతని వయస్సప్పటికి ముప్పది యేండ్లు. అక్టోబరు 19న సాసోతో పాటు నల్లజాతి చైతన్యవాద సంస్థలన్నియు నిషేధింపబడినవి.

అనంతరకాలము: 1979లో ఆజాసో యను విద్యార్థి సంఘము వెలసి, క్రమముగా, జాతిభేదము లేని ప్రజాస్వామ్యమును కోరు స్వాతంత్ర్య పత్రపు మార్గమునకు మరలి, 1986లో సాన్స్కోగా పేరు మార్చుకొనెను. 1991లో సాన్స్కో, నుసాస్‌లు విలీనమై సాస్కో యేర్పడెను. విద్యార్థుల ప్రతిఘటన తరువాతి తరములందును కానవచ్చెను: 2015 మార్చిలో కేప్‌టౌన్ విద్యార్థులు తమ విశ్వవిద్యాలయమందలి, బ్రిటిషు సామ్రాజ్యవాదియగు సెసిల్ రోడ్స్ విగ్రహమును తొలగింపవలెనని ఉద్యమింపగా, ఏప్రిలు 9న అది తొలగింపబడినది. ఆ యేడే అక్టోబరులో విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయమున ఫీజులు 10.5 శాతము పెంచుటకు తలపెట్టగా, షయీరా కల్లా, నొంపెందులో మ్ఖాత్ష్వా యను యువతులు ముందు నిలిచి నడపిన ఆందోళనము దేశమందలి ఇతర విశ్వవిద్యాలయములకును వ్యాపింపగా, 2016వ సంవత్సరమునకు ఫీజుల పెంపు ఉండదని అక్టోబరు 23న ప్రభుత్వము ప్రకటించెను.