ఆంథొనీ ట్రాలప్

ఆంథొనీ ట్రాలప్ (ఏప్రిల్ 24, 1815 - డిసెంబరు 6, 1882) ఇంగ్లండుకు చెందిన నవలా రచయిత. ఈయన 47 నవలలు వ్రాసాడు. వాటిలో చాలావాటిని తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూనే (1834-1867) పూర్తిచేయడం విశేషం.

రచనా విధానం

వేకువన 5:30 గంటలకే వ్రాతబల్ల ముందు కూర్చొనేవాడు. తనను నిద్రలేపే సేవకునికి ఏటా 5 పౌండ్లు అదనంగా ఇచ్చేవాడు. మొదటి అరగంట ముందురోజు వ్రాసినది చదువుకొనేవాడు. ఆపై గడియారం ఎదుట పెట్టుకొని 15 నిముషాలకు 250 పదాల చొప్పున వ్రాసేవాడు. రైలు ప్రయాణాలలో పెన్సిలుతో వ్రాసినదానికి భార్య రోజ్ శుద్ధప్రతి తయారుచేసేది.

పారితోషికం

"ది వార్డెన్" (1855)కు లాభాలలో వాటాగా తొలి ఏడాది 10 పౌండ్లయినా రాలేదు. ఆ అనుభవంతో, వాటాకన్నా ముందే నిర్ణయించుకొన్న ఏకమొత్తమే మేలని గ్రహించాడు. 1860లో కార్న్‌హిల్ పత్రికలో ధారావాహికగా మొదలైన "ఫ్రామ్లీ పార్సనేజ్"కు 1,000 పౌండ్లు లభించాయి.

ఆత్మకథ

రచయితలు కాదలచినవారికి ఉపయోగపడాలని వ్రాసిన ఈయన ఆత్మకథ మరణానంతరం 1883లో వెలువడింది. అందులో నవలాకారుని చెప్పులు కుట్టేవానితో పోల్చాడు. తన పుస్తకాల మొత్తం రాబడిని 68,939 పౌండ్ల 17 షిల్లింగుల 5 పెన్నీలుగా, పైసాతో సహా లెక్కచూపాడు. ఈ నిష్కాపట్యమే ఆయన కీర్తికి కొంతకాలం చేటు తెచ్చిందని పలువురి అభిప్రాయం. గడియారాన్ని గుర్తుంచుకొన్న విమర్శకులు, రచయిత తన పాత్రలతో నిత్యం సహజీవనం చేయాలని అదే గ్రంథంలో ఆయన చెప్పినదాన్ని అంతగా పట్టించుకోలేదు.