మాజీ సైనికులకు శునక సాహచర్యం (అమెరికా)

యుద్ధరంగం నుండి శారీరక, మానసిక గాయాలతో తిరిగివచ్చిన మాజీ సైనికులకు, జంతు శరణాలయాల నుండి తెచ్చి శిక్షణ ఇచ్చిన కుక్కలను తోడుగా అప్పగించే పద్ధతి అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 2009 తరువాత వ్యాప్తిలోకి వచ్చింది. ఈ పనిని ఎక్కువగా స్వచ్ఛంద సంస్థలు విరాళాలతో నడుపుతున్నాయి. వీటిని ఆంగ్లంలో "రెస్క్యూ డాగ్స్" అంటారు. శిథిలాల క్రింద చిక్కుకున్నవారిని వెదికే కుక్కలకు కూడా ఇదే మాట వాడడం వలన పాఠకులు పొరబడే అవకాశం ఉంది. ఇక్కడ ఆ మాటకు "కాపాడే కుక్క" అని కాక, "కాపాడబడిన కుక్క" అని అర్థం.

నేపథ్యం

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలోనే న్యూయార్క్ రాష్ట్రంలోని పాలింగ్‌లో, కోలుకుంటున్న వైమానిక దళ సైనికులకు కుక్కలను, ఇతర పెంపుడు జంతువులను చేరువ చేశారు. ఆఫ్ఘనిస్తాన్, ఇరాక్ యుద్ధాల తరువాత ఈ ఆలోచన మళ్ళీ బలపడింది. ఆ యుద్ధాల నుండి వచ్చినవారిలో చాలామంది ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మత (పి.టి.ఎస్.డి.)తో బాధపడ్డారు. పీడకలలు, నిద్రలేమి, జనసమ్మర్దమంటే భయం, వెనుక నుండి ఎవరో వస్తున్నారన్న ఎడతెగని అనుమానం దీని లక్షణాలు. మందులు, మానసిక చికిత్స ఉన్నప్పటికీ చికిత్సను మధ్యలోనే మానివేసేవారు తక్కువేమీ కాదు.

2009లో జంతు శిక్షకురాలు క్లారిస్సా బ్లాక్ "పెట్స్ ఫర్ వెట్స్" సంస్థను ప్రారంభించింది. ఇరాక్ నుండి తిరిగివచ్చిన తన కుమారునికి కుక్క వలన కలిగిన మేలును గమనించిన షారీ డువాల్, 2011లో ఫ్లోరిడాలో "కె9స్ ఫర్ వారియర్స్"ను స్థాపించింది. ఆమె 2021లో మరణించింది. ఈ సంస్థ శిక్షణ ఇచ్చే కుక్కలలో అధికభాగం శరణాలయాల నుండి వచ్చినవే.

తోడు కుక్క, సేవా శునకం

ఈ రెండింటినీ ఒకటిగా భావించరాదు. తోడు కుక్క ఇంటిలో స్నేహితునివలె ఉంటుంది. సేవా శునకం యజమాని వైకల్యానికి సంబంధించిన నిర్దిష్టమైన పనులు నేర్చుకుని ఉంటుంది. 2011 మార్చిలో అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం మానసిక వైకల్యం గలవారి సేవా శునకాలకు కూడా దుకాణాలు, హోటళ్ళు మొదలైన చోట్ల ప్రవేశం ఉంది. కేవలం ఊరట కలిగించే కుక్కకు ఈ హక్కు లేదు. 2021 జనవరి నుండి విమానాలలో కూడా అటువంటి కుక్కను సేవా జంతువుగా పరిగణించవలసిన బాధ్యత విమాన సంస్థలకు లేదు.

ఎంపిక, శిక్షణ

శరణాలయంలోని ప్రతి కుక్కా ఈ పనికి పనికిరాదు. పెద్ద శబ్దాలకు బెదిరేవి, ఇతర జంతువులను చూసి ఉద్రేకపడేవి మొదటి పరీక్షలోనే తొలగిపోతాయి. కీళ్ళ ఆరోగ్యాన్ని కూడా పరిశీలిస్తారు. శిక్షణ కొన్ని నెలలు సాగుతుంది. పీడకల వచ్చినప్పుడు లేపడం, ఆందోళన మొదలవగానే ముక్కుతో తట్టి దృష్టి మరల్చడం, రద్దీలో యజమానికీ ఇతరులకూ మధ్య నిలబడడం నేర్పుతారు. "కవర్" అనే ఆజ్ఞ వినగానే కుక్క యజమాని వెనుక వైపుకు ముఖం పెట్టి నిలుస్తుంది. ఎవరైనా సమీపిస్తే దాని కదలికను బట్టి యజమానికి తెలుస్తుంది. ఇది కాపలా కాదు. మొరగడం, మీదపడడం నేర్పరు.

జత కూర్చేటప్పుడు సైనికుని స్వభావం, నివాసం, కుటుంబం, శరీర బలం చూస్తారు. కె9స్ ఫర్ వారియర్స్‌లో సైనికుడు మూడు వారాలు అక్కడే నివసించి కుక్కతో కలిసి అభ్యాసం చేస్తాడు.

పరిశోధనలు

కుక్కల వలన మేలు జరుగుతుందని సైనికులు చెప్పినంత మాత్రాన ప్రభుత్వం ఖర్చు భరించలేదు. మాజీ సైనికుల వ్యవహారాల శాఖ 2012 నిబంధనలలో చూపు, వినికిడి, కదలిక లోపాలకు వాడే కుక్కల పశువైద్యానికి మాత్రమే సహాయం ప్రకటించి, మానసిక రుగ్మతల విషయంలో తగిన ఆధారాలు లేవని నిరాకరించింది.

ఈ శాఖ స్వయంగా జరిపిన అధ్యయన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. సుమారు 180 మందిలో కొందరికి సేవా శునకాలను, కొందరికి ఊరటనిచ్చే కుక్కలను ఇచ్చి పోల్చారు. దైనందిన సామర్థ్యంలో, జీవన నాణ్యతలో రెండు వర్గాలకూ చెప్పుకోదగిన తేడా కనబడలేదు. పి.టి.ఎస్.డి. లక్షణాలు మాత్రం సేవా శునకాలు పొందినవారిలో కొంత ఎక్కువ తగ్గాయి. అయితే కుక్క అసలే లేని వర్గం ఇందులో లేదు. కనుక కుక్క ఉండడం మేలా, లేకపోవడం మేలా అన్న ప్రశ్నకు ఇది జవాబు కాదు.

ఆ ప్రశ్నను మార్గరెట్ ఓహేర్ బృందం పరిశీలించింది. 2024లో ప్రచురితమైన వారి అధ్యయనంలో 156 మంది పాల్గొన్నారు. మూడు నెలల తరువాత, కుక్క కోసం ఇంకా వేచి ఉన్నవారి కంటే కుక్క పొందినవారిలో రుగ్మత తీవ్రత, ఆందోళన, కుంగుబాటు తక్కువగా ఉన్నాయి. ఎవరు ఏ వర్గంలో ఉండాలో చీటీలు వేసి నిర్ణయించలేదు గనుక ఈ ఫలితాన్ని కూడా కొంత జాగ్రత్తగానే గ్రహించాలి.

చట్టం

2021 ఆగస్టు 25న అధ్యక్షుడు జో బైడెన్ "పాస్ చట్టం"పై సంతకం చేశాడు. దీని ప్రకారం ఐదేళ్ళ ప్రయోగాత్మక కార్యక్రమం కింద పి.టి.ఎస్.డి. ఉన్న మాజీ సైనికులు తామే కుక్కలకు శిక్షణ ఇస్తారు. అదే వారికి చికిత్సలో భాగం. 2022లో ఐదు వైద్య కేంద్రాలలో ఇది మొదలైంది. తాను శిక్షణ ఇచ్చిన కుక్కను సైనికుడు దత్తత తీసుకొనడానికి కూడా చట్టం వీలు కల్పించింది.