భారతదేశంలో మోటారు రేసు ట్రాకులు

మోటారు రేసు ట్రాకు అనగా మోటారు కార్లు, మోటారు సైకిళ్ళ పందేల కొరకు ప్రత్యేకించి నిర్మించిన దారి, లేదా పందెం జరిగే రోజులలో మాత్రం సాధారణ రాకపోకలను నిలిపివేసి పందేనికి కేటాయించిన దారి. భారతదేశంలో ఈ ట్రాకుల చరిత్ర యుద్ధకాలపు విమానాశ్రయాల రన్‌వేల మీద మొదలై, మద్రాసు శివార్ల గుండా సాగి, 2022-23లో హైదరాబాదు హుస్సేన్ సాగర్ ఒడ్డుకు చేరినది. వీటిలో కొన్ని నేడు పందేలు లేక మరుగున పడినవి. అయితే మరుగున పడిన ట్రాకు పూర్తిగా నశించిపోవలసిన అవసరం లేదని వీడియో ఆటలు నిరూపించినవి. అమెరికాలోని స్టాక్ కారు ట్రాకుల అనుభవం ఇందుకు మంచి ఉదాహరణ.

ట్రాకులలో రకాలు

రేసు ట్రాకులను స్థూలంగా మూడు రకాలుగా విభజించవచ్చు.

* అండాకార ట్రాకు: కోడిగుడ్డు ఆకారంలో ఉండి, కార్లు ఒకే వైపుకు తిరిగే ట్రాకు. అమెరికాలో స్టాక్ కారు పందేలు ఎక్కువగా వీటి మీదనే జరుగుతాయి.
* రోడ్ సర్క్యూట్: కుడి, ఎడమ మలుపులు రెండూ కలిగిన శాశ్వత ట్రాకు. ఇరుంగట్టుకోట్టై, గ్రేటర్ నోయిడా ట్రాకులు ఈ కోవకు చెందినవి.
* వీధి సర్క్యూట్: నగర వీధులకు తాత్కాలికంగా కాంక్రీటు దిమ్మెలు, ఇనుప కంచెలు అమర్చి తయారు చేసేది. హైదరాబాదు ట్రాకు ఈ రకానిది.

స్టాక్ కారు ట్రాకుల చరిత్ర

స్టాక్ కారు అనగా మొదట్లో దుకాణంలో అమ్మకానికి దొరికే మామూలు కారు అనియే అర్థం. నేటి స్టాక్ కార్లు పైకి మామూలు కార్లను పోలి ఉన్నప్పటికీ, లోపల పూర్తిగా పందెం కొరకు నిర్మించినవే. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో దొంగసారా రవాణా చేసేవారు పోలీసులకు చిక్కకుండా ఉండటానికి తమ కార్ల ఇంజన్లకు పదును పెట్టేవారు. వారిలో కొందరు ఆ కార్లతోనే మట్టి ట్రాకుల మీద పందేలకు దిగారు. ఫ్లోరిడా రాష్ట్రంలోని డేటోనా సముద్రతీరపు ఇసుక మీద కూడా పందేలు జరిగేవి. ఈ పందేలన్నిటినీ ఒక నియమావళి కిందకు తెస్తూ బిల్ ఫ్రాన్స్ నాయకత్వంలో 1948లో నాస్కార్ సంస్థ ఏర్పడినది.

1950లో దక్షిణ కెరొలినాలోని డార్లింగ్టన్ ట్రాకు ప్రారంభమైనది. దీని ఒక చివర వెడల్పుగాను, మరొక చివర ఇరుకుగాను ఉంటుంది. స్థలం అమ్మిన రైతు తన చేపల కుంటను పూడ్చరాదని కోరినందున ఈ ఆకారం వచ్చినదని చెబుతారు. 1959లో ప్రారంభమైన డేటోనా ట్రాకు పొడవు 2.5 మైళ్ళు (సుమారు 4 కి.మీ.). దీని మలుపులు 31 డిగ్రీల వాలుతో ఉంటాయి. 1969లో అలబామాలో నిర్మించిన టల్లడేగా ట్రాకు 2.66 మైళ్ళ (4.28 కి.మీ.) పొడవు, 33 డిగ్రీల వాలు కలిగినది. పాత సైనిక విమానాశ్రయపు స్థలంలో దీనిని నిర్మించారు.

మలుపును వాలుగా నిర్మించడానికి భౌతికశాస్త్ర కారణమున్నది. మలుపు తిరుగుతున్న వాహనానికి వృత్త కేంద్రం వైపుగా అభికేంద్ర బలం అవసరం. చదునైన రోడ్డు మీద ఈ బలాన్ని టైర్ల ఘర్షణ ఒక్కటే అందించాలి. అది చాలనప్పుడు వాహనం బయటకు జారిపోతుంది. రోడ్డు లోపలి వైపుకు వాలి ఉన్నప్పుడు, రోడ్డు వాహనాన్ని పైకి నెట్టే బలంలో కొంత భాగం కేంద్రం వైపుకు కూడా పనిచేసి ఘర్షణకు తోడవుతుంది. ఎగ్జిబిషన్లలో చెక్కబావి గోడ మీద మోటారు సైకిలు తిప్పే విన్యాసం ఈ సూత్రానికి పరాకాష్ఠ. అక్కడ గోడ నిటారుగా ఉంటుంది కనుక, గోడ నెట్టే బలమంతా కేంద్రం వైపుకే పనిచేస్తుంది. కిందకు జారకుండా కాపాడే పని ఘర్షణ చేస్తుంది.

భారతదేశంలో ఇటువంటి అండాకార ట్రాకుల సంప్రదాయం పెరగలేదు. అయితే కోయంబత్తూరుకు చెందిన నారాయణ్ కార్తికేయన్ 2010 మార్చిలో వర్జీనియాలోని మార్టిన్స్‌విల్ ట్రాకు మీద నాస్కార్ ట్రక్కుల పందెంలో పాల్గొని, నాస్కార్ జాతీయ స్థాయి పందేలలో పాల్గొన్న తొలి భారతీయుడైనాడు. అభిమానుల ఓటు ద్వారా ఆ సంవత్సరం ట్రక్కుల విభాగంలో అత్యంత జనాదరణ పొందిన డ్రైవరుగా కూడా ఎన్నికయ్యాడు. 2005లో ఫార్ములా వన్‌లో ప్రవేశించిన తొలి భారతీయుడు కూడా ఇతడే.

షోలవరం

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన పిదప దేశంలో పలుచోట్ల సైనిక విమానాశ్రయాలు ఖాళీగా మిగిలిపోయినవి. పొడవైన, చదునైన ఆ రన్‌వేలు మోటారు పందేలకు అనువుగా కనిపించినవి. కలకత్తా సమీపంలోని బారక్‌పూర్ వద్ద ఆ విధంగానే పందేలు జరిగేవి. మద్రాసు నుండి నెల్లూరు వెళ్ళే దారిలో ఉన్న షోలవరం (చోళవరం) రన్‌వే వీటన్నిటిలో ప్రసిద్ధి చెందినది. 1953లో ఏర్పడిన మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఇక్కడ ఏటేటా అఖిల భారత పందేలు నిర్వహించేది. విదేశీ కార్ల దిగుమతి కష్టసాధ్యమైన ఆ రోజులలో, అందుబాటులో ఉన్న కార్లనే విప్పి, తేలిక చేసి, ఇంజన్లను మార్చి పందేలకు తెచ్చేవారు. ఈ అర్థంలో షోలవరం కార్లు తొలినాటి స్టాక్ కార్లకు దగ్గరి బంధువులని చెప్పవచ్చు.

ఇరుంగట్టుకోట్టై, కోయంబత్తూరు

రన్‌వే మీద శాశ్వత సదుపాయాలు కల్పించుకోవడం క్లబ్బుకు సాధ్యం కాలేదు. అందువలన మద్రాసు-బెంగళూరు రహదారి పక్కన శ్రీపెరంబుదూరు సమీపంలోని ఇరుంగట్టుకోట్టై వద్ద సొంత ట్రాకును నిర్మించుకొన్నది. 1990లో ప్రారంభమైన ఈ ట్రాకు పొడవు 3.717 కి.మీ. మద్రాసు మోటార్ రేస్ ట్రాక్ అనే పేరుతో దీర్ఘకాలం ప్రసిద్ధమైన దీనికి తరువాతి కాలంలో మద్రాసు ఇంటర్నేషనల్ సర్క్యూట్ అని పేరు మార్చారు.

కోయంబత్తూరు పారిశ్రామికవేత్త, డ్రైవరు ఎస్. కరివర్ధన్ 1988లో మారుతి 800 ఇంజను అమర్చిన ఫార్ములా మారుతి కారును రూపొందించాడు. తక్కువ ఖర్చుతో లభించిన ఈ ఒంటి సీటు కారు పలువురు యువ డ్రైవర్లకు తొలి బడి అయినది. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో మరణించాడు. కోయంబత్తూరు సమీపంలోని చెట్టిపాళయం వద్ద నిర్మించిన 2.1 కి.మీ. ట్రాకుకు ఆయన పేరుమీదుగా కరి మోటార్ స్పీడ్‌వే అని పేరు పెట్టారు.

బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్

ఉత్తర ప్రదేశ్‌లోని గ్రేటర్ నోయిడా వద్ద జేపీ సంస్థ నిర్మించిన ఈ ట్రాకు 2011 అక్టోబరులో ప్రారంభమైనది. జర్మనీకి చెందిన హెర్మన్ టిల్కె దీని రూపశిల్పి. పొడవు 5.125 కి.మీ., మలుపులు 16. ఇక్కడ 2011, 2012, 2013 సంవత్సరాలలో భారత గ్రాండ్ ప్రి జరిగినది. మూడింటిలోను సెబాస్టియన్ వెటెల్ విజేత. ఈ పందేన్ని క్రీడగా కాక వినోదంగా పరిగణించి వినోదపు పన్ను విధించడం మొదలైన పన్ను వివాదాల నడుమ 2014 నుండి పందెం ఆగిపోయినది. 2023 సెప్టెంబరులో ఈ ట్రాకు మీద మోటోజీపీ మోటారు సైకిళ్ళ పందెం జరిగినది.

హైదరాబాదు వీధి సర్క్యూట్

తెలుగు నేల మీద ప్రపంచ స్థాయి మోటారు పందెం జరిగిన తొలి ట్రాకు ఇది. హుస్సేన్ సాగర్ ఒడ్డున ఎన్టీఆర్ మార్గ్, నెక్లెస్ రోడ్డు, లుంబినీ పార్కు, సచివాలయం పరిసరాల వీధులను కలిపి సుమారు 2.8 కి.మీ. పొడవున, 18 మలుపులతో దీనిని ఏర్పాటు చేశారు.

2022 నవంబరులో ఇండియన్ రేసింగ్ లీగ్ తొలి పోటీలు ఇక్కడ తలపెట్టినప్పటికీ, ప్రమాదాలు, ఆలస్యాల వలన ఆ వారాంతపు పందేలు పూర్తి కాలేదు. డిసెంబరులో ఆ లీగు ఆఖరి పోటీలు ఇక్కడ జరిగినవి. 2023 ఫిబ్రవరి 11న విద్యుత్తు కార్ల ప్రపంచ పోటీ అయిన ఫార్ములా ఈ పందెం జరిగినది. ఫ్రాన్సుకు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ మొదటి స్థానంలోను, న్యూజిలాండుకు చెందిన నిక్ కాసిడీ రెండవ స్థానంలోను, పోర్చుగల్‌కు చెందిన ఆంటోనియో ఫెలిక్స్ ద కోస్టా మూడవ స్థానంలోను నిలిచారు. అందరికన్నా ముందు వరుసలో బయలుదేరిన మిచ్ ఎవాన్స్ కారును అతని జట్టుకే చెందిన సామ్ బర్డ్ మలుపు వద్ద ఢీకొన్నందున ఇద్దరూ పందెం నుండి వైదొలగవలసి వచ్చినది.

2024 ఫిబ్రవరిలో జరగవలసిన రెండవ పందెం, రాష్ట్రంలో ప్రభుత్వం మారిన తరువాత 2024 జనవరిలో రద్దయినది. ఆతిథ్య ఒప్పందాన్ని ప్రభుత్వం నెరవేర్చలేదని నిర్వాహకులు ప్రకటించారు. పందేనికి సంబంధించిన చెల్లింపులలో నిబంధనలు పాటించలేదన్న ఆరోపణపై తెలంగాణ అవినీతి నిరోధక శాఖ 2024 డిసెంబరులో కేసు నమోదు చేసినది. ఆరోపణలను నాటి పురపాలక శాఖ మంత్రి ఖండించారు. వీధి సర్క్యూట్ల బలము, బలహీనత రెండూ ఈ ఉదంతంలో కనిపిస్తాయి. తక్కువ కాలంలో ట్రాకు సిద్ధమవుతుంది, అంతే త్వరగా అదృశ్యమవుతుంది. కంచెలు తీసివేసిన తరువాత ఆ దారి మళ్ళీ నగరవాసుల రాకపోకలకు వాడే రోడ్డే.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో చెన్నైలోని ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ సుమారు 3.5 కి.మీ. వీధి సర్క్యూట్ మీద రాత్రివేళ పందేలు జరిగినవి.

హిందూపురం, పెనుకొండ ప్రాంతం

శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, రొద్దం ప్రాంతం బెంగళూరు నగరానికి, హైదరాబాదు-బెంగళూరు జాతీయ రహదారికి చేరువలో ఉన్నది. పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి వద్ద నెలకొల్పిన కియా కార్ల కర్మాగారంలో 2019లో ఉత్పత్తి మొదలైనది. వేరుశనగ పంటకు, వర్షాభావానికి పేరుపడిన ఈ ప్రాంతం దీనితో మోటారు పరిశ్రమ పటంలో చోటు సంపాదించుకొన్నది. 2020 దశకపు తొలి సంవత్సరాలలో హిందూపురం సమీపంలోని కోటిపి వద్ద ఒక ప్రైవేటు సంస్థ శాశ్వత రేసు ట్రాకును తలపెట్టినది. వీధి సర్క్యూట్ వలె కాక, శాశ్వత ట్రాకు డ్రైవర్ల శిక్షణకు, కార్ల పరీక్షలకు ఏడాది పొడవునా ఉపకరిస్తుంది.

వీడియో ఆటలలో ట్రాకులు

1982లో జపానుకు చెందిన నామ్కో సంస్థ విడుదల చేసిన పోల్ పొజిషన్, నిజమైన ట్రాకును (ఫ్యూజీ స్పీడ్‌వే) ఆధారంగా చేసుకొన్న తొలి ఆటలలో ఒకటి. 1990 దశకంలో సెగా వారి డేటోనా యూఎస్ఏ స్టాక్ కార్లను ప్రపంచమంతటికీ పరిచయం చేసినది. అయితే ఇందులోని ట్రాకులు కల్పితాలే. 1994లో పాపిరస్ సంస్థ విడుదల చేసిన నాస్కార్ రేసింగ్ నిజమైన ట్రాకులను, కార్ల నడకను వీలైనంత యథాతథంగా చూపించే ప్రయత్నం చేసినది. పాపిరస్ వ్యవస్థాపకులలో ఒకరైన డేవ్ కేమర్ తరువాతి కాలంలో ఐరేసింగ్ సంస్థ స్థాపనలో పాలుపంచుకొన్నాడు. 2008లో మొదలైన ఐరేసింగ్, ట్రాకులను లేజరు కిరణాలతో కొలిచి, రోడ్డు మీది గతుకులను సైతం నమోదు చేస్తుంది.

భారతీయ ట్రాకులలో బుద్ధ్ సర్క్యూట్‌కు ఒక విశేషమున్నది. కోడ్‌మాస్టర్స్ సంస్థ రూపొందించిన ఎఫ్1 2011 అనే ఆట 2011 సెప్టెంబరులో విడుదలైనది. నిజమైన ట్రాకు మీద తొలి పందెం అక్టోబరు 30న జరిగినది. అనగా ఆటగాళ్ళు ఫార్ములా వన్ డ్రైవర్ల కంటె ముందే ఈ ట్రాకు మీద పందెం ఆడారు. ఎఫ్1 2012, ఎఫ్1 2013 ఆటలలో కూడా ఈ ట్రాకు ఉన్నది. ఫార్ములా వన్ భారతదేశాన్ని విడిచి వెళ్ళిన తరువాత కూడా ఆ ఆటలలో భారత గ్రాండ్ ప్రి నిలిచి ఉన్నది.

అమెరికాలోని షికాగో నగరంలో ఇటువంటిదే జరిగినది. 2021లో ఐరేసింగ్ వారు షికాగో వీధులతో ఒక ఊహా ట్రాకు తయారు చేసి నాస్కార్ డ్రైవర్లతో కంప్యూటరు పందెం జరిపించారు. 2023 జులైలో ఆ నగర వీధులలో నిజమైన స్టాక్ కారు పందెమే జరిగినది.

మరుగున పడిన ట్రాకుల పరిరక్షణ

ఉత్తర కెరొలినాలోని నార్త్ విల్క్స్‌బరో ట్రాకు 1947లో ప్రారంభమైనది. 1996 తరువాత నాస్కార్ ప్రధాన పందేలు ఇతర ట్రాకులకు తరలిపోవడంతో శిథిలావస్థకు చేరినది. 2019 డిసెంబరులో డ్రైవరు డేల్ ఎర్న్‌హార్ట్ జూనియర్ చొరవతో దాని మీద పెరిగిన కలుపు మొక్కలను తొలగించి, ఐరేసింగ్ వారు లేజరుతో కొలతలు తీసుకొన్నారు. ట్రాకు ఇక మిగలదు, కనీసం దాని రూపమైనా మిగలాలి అన్నదే నాటి ఉద్దేశం. కరోనా కారణంగా పందేలు ఆగిన 2020లో ఆ కంప్యూటరు ట్రాకు మీద జరిగిన పందెం ప్రజలలో ఆసక్తి రేకెత్తించినది. రాష్ట్ర ప్రభుత్వం నిధులు కేటాయించినది. 2022లో ట్రాకు మళ్ళీ తెరుచుకొన్నది. 2023 మే నెలలో నాస్కార్ ఆల్ స్టార్ పందెం అక్కడ జరిగినది, కైల్ లార్సన్ విజేత. జ్ఞాపకార్థం తీసిన కొలతలు ఆ విధంగా పునరుద్ధరణకు దారితీసినవి.

ఈ పరిరక్షణ ఎంతో ఖర్చుతో కూడినది కాదు. ఆర్‌ఫాక్టర్, అసెట్టో కోర్సా వంటి ఆటలలో ఔత్సాహికులు తమకు నచ్చిన ట్రాకులను స్వయంగా నిర్మించుకొనే వీలున్నది. కావలసినదల్లా కొలతలు, ఛాయాచిత్రాలు, అక్కడ పందెం నడిపినవారి జ్ఞాపకాలు. షోలవరం రన్‌వే మీద కార్లు నడిపిన తరం వయసు మీరినది. హైదరాబాదు ట్రాకు కంచెలతో సహా తొలగిపోయినది. దేవాలయాలు, కోటల కొలతలు నమోదు చేసినట్లే క్రీడాస్థలాల వివరాలను కూడా సకాలంలో నమోదు చేయడం అవసరమని ఈ ఉదాహరణలు తెలుపుతున్నవి.

ఇవి కూడా చూడండి

* హుస్సేన్ సాగర్
* నారాయణ్ కార్తికేయన్
* ఫార్ములా వన్
* పెనుకొండ
* రొద్దం